తేలిక టాపు

బూడిదరంగు వ్యాను మళ్ళీ అద్దంలో కనిపించింది.

"అదే బండి," అన్నాడు ఒరిహర, సీట్లో కుదురుగా కూర్చోలేక.

"టోల్‌గేటు దగ్గర్నుంచీ తోకలా వేలాడుతోంది," అంది స్టీరింగు పట్టుకున్న మినెగిషి. "మీకేమైనా పెళ్ళి సంబంధం తెచ్చాడేమో, ఒరిహర-సాన్. నలభై దాటాయిగా!"

"వేళాకోళం కాదు. వాడు ఫోటోల కోసమే వస్తున్నాడు."

వాళ్ళ కారు ఒళ్ళంతా నలుపు తెలుపు చారల స్టిక్కర్లు. వచ్చే ఏడాది అమ్మకానికి రావలసిన బండి అది. అంతవరకూ దాని రూపం బయటి కంటికి అందకూడదు. అలాంటి కార్ల కోసం హిరోషిమా కొండల్లో కెమెరాలతో మాటు వేసి, ఫోటోలు పత్రికలకు అమ్ముకునేవాళ్ళున్నారు. అందుకే టెస్టు కార్లలో తిరిగేవాళ్ళకు ఒకటే రూలు: ఎవరు పిలిచినా అద్దం దించకూడదు, పలకకూడదు.

ఒరిహరకు ఆ రోజు రూలు కంటే భయమే ఎక్కువగా ఉంది.

మర్నాడు డైరెక్టర్ల ముందు ఈ కారు కోసం రెండు టాపులు పోటీ పడబోతున్నాయి. ఒకటి మోటార్లతో మడతపడే ఇనుప టాపు. గట్టిదే, కానీ బండికి నడినెత్తిన బండరాయి. రెండోది ఒరిహర డిజైను చేసినది. చేత్తో తీసి పెట్టుకునే పల్చటి కార్బన్ పలక. నెత్తిన బరువు లేకపోతే మలుపుల్లో బండి తూలదు. వెనక్కి వాలిన అంచు మీదుగా గాలి అడ్డు లేకుండా జారిపోతుంది. ఇంకా తేలిక చేద్దామని పలకను పట్టి ఉంచే నాలుగు గొళ్ళాల్లో రెండు తీసేశాడు కూడా.

ఒక్క ఫోటో అచ్చయితే చాలు, పోటీ కంపెనీలన్నీ కాపీ కొడతాయి. గుట్టు రట్టయిన టాపు మనకెందుకని డైరెక్టర్లు ఇనుముకే ఓటేస్తారు.

పైన సన్నగా ఈల మొదలైంది.

"మీ టాపు పాట పాడుతోంది," అంది మినెగిషి.

"టాపు కాదు, స్టిక్కరు అంచు. చారలు అతికించిన ప్రతి బండీ ఈల వేస్తుంది. నీకు తెలియనిదా?"

నిజమే.

వెనక వ్యాను హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పింది. మళ్ళీ. మళ్ళీ.

"బళ్ళు ఆపుకునే చోటికి తిప్పు. వాడు ముందుకు పోతాడు, పీడా వదులుతుంది."

మినెగిషి తిప్పింది. వ్యానూ తిరిగింది.

అందులోంచి యాభై ఏళ్ళ మనిషి ఒకడు దూకి పరుగెత్తుకొచ్చాడు. మెడలో మూరెడు లెన్సుతో కెమెరా. ఒరిహర పక్క అద్దాన్ని అరచేత్తో బాదుతూ, వేలు పైకి చూపిస్తూ ఏదో అరిచాడు.

"టాపు అంటున్నాడండీ," అంది మినెగిషి.

ఒరిహర తలెత్తాడు. పలక అంచును వేళ్ళతో తడిమాడు. ఎక్కడా సందు లేదు. అతికించినట్టు కూర్చుని ఉంది.

"పాత ఎత్తు! పోయినేడు టైరులో గాలి లేదని చెప్పి మనవాళ్ళని దింపించి, చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకోలేదూ? పోనీ!"

"ఒక్క నిమిషం దిగి చూస్తే..."

"పోనీ అంటుంటే!"

కారు దూకింది. ఆ మనిషి కొంతదూరం వెంట పరుగెత్తి, మళ్ళీ వ్యాను వైపు తిరిగాడు.

హైవే ఎక్కి వేగం అందుకోగానే ఈల మళ్ళీ మొదలైంది, ఈసారి గట్టిగా. వెనక వ్యాను నాలుగు మూలల లైట్లూ వెలిగి ఆరుతుంటే, రెండు లేన్లకూ అడ్డంగా పాములా మెలికలు తిరుగుతోంది. దాని వెనక చిక్కుకున్న స్కూలు బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది.

"తాగాడా ఏంటి? బస్సుని కూడా రానివ్వడం లేదు," అంది మినెగిషి.

"వాడి గొడవ మనకెందుకు? తొక్కు. సొరంగం దాటితే ఆ డొక్కు వ్యాను మనల్ని అందుకోలేదు."

సొరంగం దాటగానే లోయలోంచి అడ్డగాలి కొట్టింది.

కారు పరుగెడుతుంటే పైనుంచి పోయే గాలి టాపును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. బండి ఆగితే పలక బుద్ధిగా తన చోట కూర్చుంటుంది. ఆ కంపెనీలో ఈ సంగతి ఒరిహర కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆగి ఉన్న బండిలో కూర్చుని అంచు తడిమింది కూడా అతనే.

ఫట్‌మని శబ్దం. నెత్తిన ఆకాశం.

అద్దంలో పలక రెండు పల్టీలు కొట్టి, వ్యాను ముందద్దంలోకి దూసుకుపోవడం కనిపించింది.

ఆస్పత్రి వరండాలో బస్సు డ్రైవరు టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"నన్ను ముందుకు పోనివ్వలేదండీ. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అడ్డం లేకపోతే అది నా బస్సులోకి... పిల్లల్లోకి..."

డాక్టరు బయటికి వచ్చి, బతికించలేకపోయామంటూ తల వంచాడు.

ఒరిహర మూలకు వెళ్ళి పైఅధికారికి ఫోన్ చేశాడు. "రేపు నా టాపు పోటీలో లేదు సార్. ఇనుపదే పెట్టండి." అవతల అడుగుతున్న ప్రశ్నలు వినకుండానే పెట్టేశాడు.

"ఎవరో దారిన పోయే మంచి మనిషి," అన్నాడు మినెగిషి పక్కన కూలబడుతూ. "పిట్టల ఫోటోలు తీసుకునేవాడేమో. అన్యాయంగా అనుమానించాను."

"నేనైనా బండి దిగాల్సింది," అందామె.

అప్పుడే ఒకావిడ రొప్పుతూ వచ్చి, తన పేరు ఒగాతా అని చెప్పి వంగి నమస్కరించింది.

"ఆ వ్యానులో ఉసామి-సాన్ వచ్చింది మీ కారు వెనకే కదండీ? పొద్దున నాకు ఫోన్ చేశాడు. వేగం పెరిగితే టాపు లేస్తోందట, లెన్సులో వేలెడు సందు కనిపించిందట. వాళ్ళని ఆపి వస్తానన్నాడు."

"మీకెందుకు చేశాడు?" అన్నాడు ఒరిహర. "మీరు ఆయన బంధువులా?"

"కాదండీ, కార్ల పత్రిక సంపాదకురాలిని," అంది ఒగాతా కళ్ళు తుడుచుకుంటూ. "మీ కారు మొదటి ఫోటో నాకే ఇస్తానని, రెండేళ్ళుగా ఆ కొండల్లో మాటు వేసింది ఆయనే."