నాలుగో భాష

దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో రేవు ఇంకా తవ్వుతున్న రోజులవి. సైట్ ఆఫీసు ముందు ఆగిన కూలీల బస్సులోంచి, ఒళ్లంతా దుమ్ముతో ఓ ముసలి తెల్లాయన దిగాడు.

కృపాకర్ మొహం చిట్లించి పక్కకు జరిగాడు. తెలుగు దుబాసీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు మరి! ఆ ఉద్యోగం వస్తే ఫ్యామిలీ క్వార్టర్ ఇస్తారు. పెళ్లయిన నెలకే గుంటూరులో వదిలొచ్చిన దయాకుమారిని తెచ్చుకోవచ్చు.

“ఏ దేశం?” ఇంగ్లీషులో అడిగాడు.

“స్విట్జర్లాండ్.”

“గడియారాలు అమ్ముకోడానికొచ్చారా?”

ఆయన నవ్వాడు. “మాది చిన్న దేశం. నాలుగు భాషలు. ఎవరి యుద్ధంలోకీ వెళ్లం.”

నాలుగు భాషలంటే సొంత భాష లేనట్టేగా! పైగా యుద్ధానికి పోరట, గోడమీద పిల్లులు!

“మీదే భాష?”

“నాలుగోది. కొండల్లో కొద్దిమందిమే మాట్లాడతాం. ఒక్కో లోయలో ఒక్కోలా.”

“అదేం భాషండీ!”

ఆయన ఎండకు తూలి, పక్కనున్న ఇనుప పైపు పట్టుకోబోయాడు. అటుగా సిమెంటు బస్తా మోస్తున్న కరీంనగర్ హన్మంతు అరిచాడు.

“సాబ్, పైలం! పైలం!”

“ఏమంటున్నాడు?” ఆయన కృపాకర్‌ని అడిగాడు.

ఆ మాట కృపాకర్ పుట్టి బుద్ధెరిగి వినలేదు. తెలీదంటే పరువేం కాను?

“ఏంలేదు, సలాం చెప్తున్నాడు.”

ఆయన తిరిగి సలాం చేసి పైపు పట్టుకున్నాడు. అరచెయ్యి చుర్రుమంది.

హన్మంతు బస్తా పడేసి నీళ్లతో ఉరికొచ్చాడు. “పైలమంటే జాగ్రత్తని గద సార్! జెప్పకపోతిరి?”

“మీ మోటు మాటలు నాకేం తెలుసురా? తెలుగులో ఏడవొచ్చుగా!”

“మీ ఇద్దరిదీ ఒకే భాష కాదా?” ఆయన అడిగాడు.

“ఛ! నాది తెలుగు. వాడిదేదో దేవుడికే తెలియాలి.”

ఆయన కృపాకర్ పేరడిగి, కాలని చేత్తో కాగితం మీద రాసుకుని వెళ్లిపోయాడు.

గంట గడిచినా పిలుపు రాలేదు. కృపాకర్ హైదరాబాదీ క్లర్కు సనావుల్లాని కదిలించాడు.

“ఇంటర్వ్యూ ఎప్పుడు భాయ్?”

“ఖలాస్ భాయ్, ఎప్పుడో అయిపోయింది.”

“నన్నెవరూ పిలవందే?”

సనావుల్లా కాగితం తిరగేశాడు. “దుబాసీని ఎంచడానికి కంపెనీ స్విట్జర్లాండ్ నుంచి పిలిపించిన పెద్దాయన, మీ పేరు పక్కన ఒక్క ముక్కే రాశాడు భాయ్: తెలుగు రాదు.”