చూపించని లొల్లి

"ఈ అంతరిక్షం సిరీస్‌ల కెప్టెనూ ఆయన చెల్లెలూ ఎందుకు మాట్లాడుకోరో చెప్తమని, అంతకుముందు జరిగిన కథంటూ ఈ సీజన్ తీసిండ్రమ్మా! మొత్తం యుద్ధాలే. లొల్లి సీను ఒక్కటి లేదు!" అఖిల టీవీ ఆపేసింది.

వెల్లుల్లి ఒలుస్తూ కృష్ణమ్మ నవ్వింది. "చిన్న సంగతే అయ్యుంటది. ఏం చూపిస్తరే?"

"మరి నువ్వూ, కార్వాన్‌ల ఉండే చిన్నమ్మా ఎందుకు మాట్లాడుకోరు? ఇప్పుడు జరగబోయే నా పెండ్లికి గూడ పిలువనంటివి. ఏమైంది మీకు?"

"మీ అన్న పెండ్లికి దాన్ని ఫోన్ల పిలిచిన. ఇంటికొచ్చి బొట్టు పెట్టలేదని అలిగింది."

"గంతేనా?"

కృష్ణమ్మ చేతులు ఆగాయి. ఇన్నేళ్లు మోసిన కథ, చెబితే ఒక్క ముక్కలో అయిపోయింది.

"గంతేనే," అంటూ లేచి కుంకుమ భరిణ అందుకుంది. "ఆటో పిలువు. ఈసారి దాని నొసలంతా బొట్టే పెడ్త!"