బాకీ లేదన్న కాగితం

"ఇంకా ఆరువేల ఎనిమిదొందలు చూపిస్తోందండీ," అన్నాడు పవన్‌కుమార్, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే.

సంజీవరావుకి ఒళ్ళు మండిపోయింది. విజయవాడలో ఈ బ్యాంకు మెట్లెక్కడం రెండు నెలల్లో ఇది మూడోసారి. పర్సనల్ లోన్ ఆఖరి వాయిదా కట్టేసి, ఇక బాకీ లేదని ఒక కాగితం ఇమ్మంటే మొదటిసారి సిస్టమ్ పనిచెయ్యడం లేదన్నారు. రెండోసారి కాగితం హైదరాబాదు నుంచి రావాలన్నారు. ఇప్పుడిది.

"పోయిన నెల సున్నా అని మీరే చెప్పారు గదండీ!"

"అసలూ వడ్డీ సున్నానేనండీ. ఇవి పాత చార్జీలు. మొదట్లో నాలుగు వాయిదాలు టైముకి పడలేదు కదా, వాటి పెనాల్టీ."

"ఆ నాలుగు నెలలూ ఆ ఇంట్లో ఏడుపులతోనే సరిపోయింది బాబూ. వాయిదాలు ఎవరికి గుర్తుంటాయి?"

పవన్‌కుమార్ కాస్త తగ్గాడు. లోను తీసుకున్న సురేష్ చనిపోయి నాలుగేళ్ళయిందని అతనికీ తెలుసు.

"మీ బాధ అర్థమైందండీ. కొడుకు అప్పు ఇన్నాళ్ళూ కట్టుకొచ్చారు. కానీ సిస్టమ్ ఒప్పుకోదు, నేనేం చెయ్యను?"

సురేష్ తన కొడుకు కాదని సంజీవరావు చెప్పలేదు. చెబితే, మరి ఏమవుతాడని అడుగుతారు.

సురేష్‌ది మంగళగిరి. సెల్‌ఫోన్ల షాపు పెట్టడానికి లోను తీసుకున్నాడు. చాలని దానికి క్రెడిట్ కార్డు గీకాడు. అతను పోయాక వసూళ్ళవాళ్ళు ఇంటి ముందు బండ్లు ఆపి, వీధంతా వినేలా అరిచేవాళ్ళు. లోను మీద భార్య మనోజ్ఞ సంతకం కూడా ఉంది. చంకలో ఏడాది పిల్లతో ఆమె గుమ్మంలో నిలబడి మాటలు పడుతుంటే, అంతకుముందు ఎప్పుడూ చూడని సంజీవరావు వాళ్ళ మధ్యలోకి వచ్చాడు.

"సురేష్‌కి నేను బాకీ ఉన్నానమ్మా. ఇయ్యన్నీ నేను చూసుకుంటా," అన్నాడు.

ఎంత బాకీయో చెప్పలేదు. సొంత లారీ అమ్మేసి, దాని ఫైనాన్సు పోగా మిగిలింది కార్డుకి కట్టాడు. తర్వాత ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో పనికి కుదిరాడు. భార్య తెరేసమ్మ జాకెట్లు కుట్టేది. ఇద్దరి సంపాదనా కలిపితే నెలకి పదకొండువేల వాయిదా పోను ఇంటికి మిగిలేది బియ్యానికీ కరెంటుకీ.

"ఈ ఆరువేలకి ఒక వారం ఆగుదాం బాబాయ్ గారూ," అంది పక్క కుర్చీలో ఉన్న మనోజ్ఞ. తన సంతకం కావాలన్నారని మూడుసార్లూ తను పనిచేసే బట్టల షాపులో సెలవు పెట్టి వచ్చింది. "నా జీతం వస్తుంది, నేను కడతా."

"వద్దమ్మా. నీ రూపాయి ఒక్కటి కూడా పడకూడదు. వారం ఆగడం నావల్ల కాదు."

"ఏంటండీ అంత తొందర?" అన్నాడు పవన్‌కుమార్, అతని కాళ్ళ దగ్గరున్న సంచి చూసి. "ఊరెళ్తున్నారా?"

"ఆ. వెళ్ళాలి."

అందులో రెండు జతల బట్టలు, తువ్వాలు, బీపీ మాత్రలు ఉన్నాయి. తెరేసమ్మ ఇప్పటికి రెండుసార్లు సర్దింది, రెండుసార్లూ సాయంత్రానికి మళ్ళీ బీరువాలో పెట్టింది. ఇవాళ పొద్దున మూడోసారి సర్దుతూ, "ఇయ్యాళైనా ఐపోద్దంటారా?" అని అడిగింది. అవ్వాలని కోరుకుంటోందో, అవ్వకూడదని కోరుకుంటోందో ఆ గొంతులో తెలియలేదు.

సంజీవరావు విసురుగా లేచాడు. రోడ్డు దాటి బంగారం కొట్లోకి వెళ్ళాడు. పెళ్ళినాడు చర్చిలో తెరేసమ్మ తొడిగిన ఉంగరం సబ్బునీళ్ళు పోస్తే గానీ ఊడి రాలేదు. తాకట్టు పెట్టమన్నాడు కొట్టతను. "మళ్ళీ ఎప్పుడొచ్చి విడిపిస్తానో తెలీదండీ, కొనేసుకోండి," అన్నాడు సంజీవరావు.

డబ్బు కట్టాక మేనేజర్ భోజనానికి వెళ్ళాడన్నారు. వచ్చాక ప్రింటర్ మొరాయించింది. సంజీవరావు కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు.

"నాలుగేళ్ళండీ! ఈ ఒక్క కాగితం కోసం నాలుగేళ్ళు ఆగాను!"

బ్యాంకంతా తిరిగి చూసింది. పవన్‌కుమార్ లేచి, పక్క గదిలోకి వెళ్ళి కాగితం తీసుకొచ్చాడు. స్టాంపు వేసి, మనోజ్ఞ చేత సంతకం పెట్టించుకుని ఇచ్చాడు.

సంజీవరావు అక్షరం అక్షరం చదివాడు. మడత పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"ఇక ఎవడూ నీ గుమ్మంలోకి రాడమ్మా. వస్తే ఇది చూపించు."

మనోజ్ఞ కళ్ళు తుడుచుకుంది. "మీరెంత బాకీయో నేనెప్పుడూ అడగలేదు. ఎంతైనా తీరిపోయిందండీ. ఇవాళన్నా ఇంటికొచ్చి అన్నం తినండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుమ్మం దాటి లోపలికి రాలేదు మీరు."

"వద్దమ్మా. పిల్లని బాగా చదివించు."

ఆమెను బస్టాండు దాకా తీసుకెళ్ళి మంగళగిరి బస్సెక్కించాడు. అది కదిలి మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. తర్వాత సంచి భుజాన వేసుకుని హనుమాన్ జంక్షన్ బస్సెక్కాడు.

సాయంత్రం ఐదున్నరకి అక్కడి పోలీస్ స్టేషన్‌లో, ఏం పనిమీద వచ్చారని అడిగిన కానిస్టేబుల్‌తో, "నాలుగేళ్ళ కిందట ఇక్కడ హైవే మీద మంగళగిరి సురేష్‌ని లారీతో గుద్ది ఆపకుండా పోయింది నేనేనండీ," అన్నాడు.