గోడ మీది సమీక్ష

ముప్పయ్యేళ్లపాటు చేతిలో పెన్సిల్ లేనిదే పుస్తకం తెరవని సమీక్షకుడు ఈశ్వరప్రసాద్. కాలమ్ మానేశాక మొదటిసారి ఒక నవలను ఉత్త చేతులతో చివరిదాకా చదివాడు. ఆరేళ్ల కిందట, ముందుమాటా పది పేజీలూ చూసి తాను ఉతికి ఆరేసిన నవలే అది. చాలా బాగుంది. ఆ మాట రచయితకే చెబుదామని మొయినాబాద్ నుంచి ముడిమ్యాల వచ్చాడు.

రచయిత ఇంట్లో లేడు. తండ్రి అంజయ్య కుర్చీ వేశాడు.

"కొడుకు ప్లాట్లు చూపెట్టనీకి పోయిండు సారు. మీరు చదువుకున్నోళ్లు గద, జర గా గోడ మీదున్నది చదువుండ్రి. నా కొడుకు పేరు పేపర్ల పడ్డదని ఫ్రేము కట్టించిన. నాకు అక్షరం రాదు."

గోడ మీద, దేవుడి పటాల పక్కన, ఆనాటి తన సమీక్షే.

ఈశ్వరప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. అందులో లేని పొగడ్తలన్నీ తీరిగ్గా చదివాడు.

అంజయ్య తల ఊపాడు.

"ఊరోళ్లందరు గూడ గిట్లనే చదువుతరు సారు. నా కొడుకొక్కడే ఏం చదివిండో ఏమో, గా పొద్దే రాసుకున్న నోటుబుక్కులన్ని నీళ్లపొయ్యిల పెట్టిండు."