పక్క గది చూశారా?

కందిరీగ మూడో అకౌంట్‌ని కూడా బ్లాక్ చేసి, చెల్లి హాయిగా టీ తాగింది.

కందిరీగ అంటే వాళ్ల న్యూస్ సైట్‌లో ప్రతి వార్త కిందా వచ్చి కుట్టే మనిషి.

"ఎవరు చెప్పారు?" "మీరు చూశారా?" "అవతలివాళ్లని అడిగారా?"

సైట్ అంటే పెద్దగా ఊహించుకోకండి. టైలర్ షాపు మీద ఒక గది. వార్తలు రాసేది అక్క. మిగతావన్నీ, కరెంటు పోతే తిట్టడంతో సహా, చెల్లి.

మర్నాడు ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. గళ్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"నన్ను బ్లాక్ చేసింది ఎవరమ్మా?"

చెల్లి స్క్రీన్ వెనక్కి జారింది. "నేనేనండీ. వేలు తగిలింది."

"మూడుసార్లా?"

అక్క కుర్చీ లాగింది. "కూర్చోండి. కాస్త హడావిడిలో ఉన్నాం, నీళ్ల వార్త పెడుతున్నాం."

ఊళ్లో సగం మంది పిల్లలకి వాంతులు. నీటి శాఖేమో, రోజూ పరీక్ష చేస్తున్నాం, నీళ్లు శుభ్రం అంటోంది. అక్కకి ఆ ల్యాబ్ ఫొటో దొరికింది. నీళ్లని వెచ్చబెట్టి క్రిముల్ని పట్టే మెషీన్‌కి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు.

ఊళ్లో అందరూ చదివే పెద్ద పేపర్ ఈ సంగతి ముట్టుకోలేదు. దానికి ఆ శాఖ యాడ్లిస్తుంది మరి. వార్తలో ఒక్క ముక్క తప్పున్నా కేసేసి సైట్ మూయిస్తానని నీటి శాఖ ఆఫీసరు ముందే ఫోన్ చేసి చెప్పాడు.

పెద్దాయన ఫొటోని చాలాసేపు చూశాడు.

"ఇది కొత్త మెషీన్, పరీక్షలు పాతదాని మీద చేస్తున్నాం అని వాళ్లంటే ఏం చేస్తారు?"

అక్కాచెల్లెళ్లు మొహాలు చూసుకున్నారు.

"పక్క గది చూశారా?"

"మీరు ఆఫీసరు తరఫు మనిషా ఏంటి?" అంది చెల్లి.

"ఆయన రేపు అడిగేది నేనివాళ అడుగుతున్నా. ఒక్కరోజు ఆగండి."

"ఈలోగా పెద్ద పేపర్ వేసేస్తే?"

"వెయ్యదు." ఆయన లేచాడు. "మీరు వేసేదాకా వెయ్యదు."

ఆయన దిగిపోగానే చెల్లి నిట్టూర్చింది. "చాదస్తం."

"చాదస్తమే," అంటూ అక్క స్కూటీ తాళం తీసుకుంది. "కానీ పక్క గది మనం చూళ్లేదుగా."

సీసాలో కొళాయి నీళ్లు పట్టుకుని, పరీక్ష చేయించాలంటూ ల్యాబ్‌కి వెళ్లింది. ఫోన్లో వీడియో తీసుకుని వచ్చింది. వార్త మాత్రం అప్పుడే పెట్టలేదు. అవతలివాళ్లని అడగాలిగా.

మర్నాడు ఆఫీసరు ప్రెస్ మీట్‌లో అక్క లేచి ఫొటో చూపించింది. "మెషీన్‌కి కవరే విప్పలేదేంటండీ?"

ఆఫీసరు తీరిగ్గా నవ్వాడు. "అది కొత్తదమ్మా. పరీక్షలన్నీ పక్క గదిలో, పాత మెషీన్ మీద. తెలుసుకుని రాయాలి."

పెద్ద పేపర్ రిపోర్టరు బుద్ధిగా రాసుకున్నాడు.

అక్క వీడియో నొక్కి, ఫోన్ అందరివైపూ తిప్పింది.

పక్క గది. పాత మెషీన్. నిజమే, పనిచేస్తోంది. లోపల స్టాఫ్ లంచ్ క్యారేజీలు వరసగా వేడెక్కుతున్నాయి.

హాలంతా గొల్లున నవ్వింది. ఆఫీసరు గొంతు తడుపుకోబోయాడు. చేతికొచ్చింది కొనుక్కున్న నీళ్ల సీసా.

ఆఫీసరు జవాబుతో సహా అక్క వార్త పెట్టింది. సాయంత్రానికి ఆ క్యారేజీలు లేని ఫోన్ లేదు. కొళాయిలు కట్టేసి, వీధివీధికీ మంచినీళ్ల ట్యాంకర్లు పంపారు. ఆఫీసరుని ఇంటికి పంపారు. జనం ఎగబడి సైట్ పడిపోతే, చెల్లి మొదటిసారి తిట్టకుండా నవ్వింది.

పొద్దున్నే టైలర్ పెద్ద పేపర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మొదటి పేజీ నిండా క్యారేజీలు. కింద, ఈ వార్తని మొదట బయటపెట్టినవాళ్లు అంటూ సైట్ పేరు, లావు అక్షరాల్లో.

పెద్ద పేపర్ ఎప్పుడూ ఏ సైట్ పేరూ రాసి ఎరగదు.

అక్క ఆ లైన్ మీద వేలు పెట్టి, చెల్లికేసి తిరిగింది. "కందిరీగని అన్‌బ్లాక్ చెయ్యవే. థాంక్స్ చెప్పాలి."

చెల్లి మూడు అకౌంట్లూ తెరిచి, మూడింటికీ థాంక్స్ పెట్టింది. జవాబు లేదు.

టైలర్ పేపర్ తిరగేశాడు. "అరె, మొన్న మీ గది ఎక్కడని నన్నడిగింది ఈయనేగా?"

చివరి పేజీలో ఓ మూల, చిన్న ఫొటో. గళ్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

దాని కింద ఒకటే లైన్: 'ఈ సంచికతో మా ఎడిటర్ తప్పుకుంటున్నారు.'