మంచులో మూడు దెబ్బలు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

సముద్రం పక్కన కొండవాలులో ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. చూడముచ్చటైన చోటే గానీ, సముద్రం వైపున్న ఆఖరి గుంట దాటి పదడుగులు వేస్తే కాలికింద నేల ఉండదు, లోయే. అక్కడ గడ్డి కోసే అన్నదమ్ములిద్దరు పొద్దుపోయాక గుంటల్లోని జెండా కర్రలు పీకి షెడ్డుకు చేర్చేవారు. మంచు కమ్మితే అన్న ముందుగా వచ్చి, షెడ్డు ముందు రాతిమీద కర్రతో మూడు దెబ్బలు వేసేవాడు. తమ్ముడు ఆ చప్పుడు పట్టుకుని వచ్చేవాడు.

ఒక రాత్రి మంచు దట్టంగా కమ్మితే అన్న కర్ర ఎత్తాడు. అది రాతికి తగలకముందే సముద్రం వైపు నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

"వస్తున్నా అన్నయ్యా. నీ ఆకలి తగలెయ్య, ఏమిటా తొందర?" అని నవ్వాడు తమ్ముడు.

"అది నేను కాదురా, ఆగు" అని అరిచాడు అన్న. సముద్రం వైపు నుంచీ అదే గొంతు, అదే మాట.

"రెండు వైపులా నువ్వే ఉంటే ఎటు రానన్నయ్యా?" తమ్ముడి గొంతులో నవ్వు పోయింది.

"కూర్చోరా, కదలకు."

అవతలి గొంతూ అలాగే అని, మెల్లగా ఇంకో మాట కలిపింది. "నేనొచ్చి చెయ్యి పట్టుకుంటా."



"హమ్మయ్య, వచ్చావా. గట్టిగా పట్టుకో అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

అన్న ఇంకా షెడ్డు ముందే ఉన్నాడు. గడ్డిమీద రెండు జతల అడుగుల చప్పుడు ఆఖరి గుంట వైపు వెళ్తోంది.

ఇది మరిచిపోకు తల్లీ. నీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ తమ్ముడి చివరిమాట మాత్రం వదిలెయ్యకు.