అంత దగ్గరగా

“ఆగు. కంచె దాటావంటే మనిద్దరం దొంగల కింద లెక్క,” అన్నాడు డెల్.

ముళ్లకంచె మీద రక్తం ఇంకా ఆరలేదు. కర్ట్ వేలితో తాకి చూశాడు. నల్లగా, చిక్కగా ఉంది. బాణం కార్జానికి తగిలితే వచ్చే రక్తం. అంటే జింక వెంటనే చావదు. ఎక్కడో ఒక మూల పడుకుని, మెల్లగా, నొప్పితో చస్తుంది.

“నీ పాత కాంపౌండ్ విల్లు ఉంటే ఈపాటికి తోలు ఒలుస్తూ ఉండేవాళ్లం. చక్రాలున్నాయి, గురికి సూది ఉంది. నలభై గజాల నుంచి కూడా గుండెలోకి దింపేవాడివి. ఊహూఁ, దొరగారికి తాతల నాటి కట్టె విల్లే కావాలి.”

“నోరు మూసుకో డెల్.”

“నేను మూసుకుంటే జింక దొరుకుతుందా?”

కంచెకు కట్టిన పసుపు రేకు మీద ‘వేట నిషేధం’ అని రాసి ఉంది. ఆ కొండవాలంతా ఆర్డిస్ టోల్ఫ్‌సన్‌ది. వేటగాళ్లంటే ఆవిడకు పడదు. కానీ దెబ్బ తిన్న జంతువు పరాయి నేల మీదికి పోతే, ఆ నేల మనిషిని అడగకుండా అడుగు పెట్టకూడదు. ఆ లోయలో అందరూ పాటించే నియమం అది. అడగడానికి వెళ్లేవాడి చేతిలో విల్లు కూడా ఉండకూడదు.

కర్ట్ విల్లునూ అమ్ములపొదినీ డెల్ చేతిలో పెట్టాడు.

“కాఫీ తాగమనలేదంటే మాత్రం వెంటనే వచ్చెయ్. ఈ చుట్టుపక్కల కాఫీ అడగలేదంటే తుపాకీ తెస్తున్నారనే,” అన్నాడు డెల్.

ఆర్డిస్ కొట్టం ముందు స్టూలు మీద కూర్చుని గుమ్మడికాయల మట్టి తుడుస్తోంది. కర్ట్ వేటగాళ్ల టోపీ తీశాడు.

“నమస్కారమండీ. నేను కర్ట్‌ని. కింద పాలడెయిరీ రోలాండ్ గారబ్బాయిని.”

“తెలుసు. నీ టోపీ చూస్తేనే తెలుస్తోంది ఎందుకొచ్చావో.”

“పొద్దున ఒక జింకను కొట్టానండీ. మా వైపే కొట్టాను. అది మీ కంచె దాటింది. వెతుక్కోవడానికి మీ అనుమతి కావాలి.”

ఆవిడ కాఫీ తాగమనలేదు. గుడ్డ పక్కన పెట్టింది.

“సరిగ్గా తగల్లేదా?”

“లేదండీ.” అబద్ధం చెప్పాలనిపించలేదు. “బాణం గుండె తప్పి వెనక్కి తగిలింది. తప్పు నాదే.”

“మీ దగ్గర చక్రాల యంత్రాలుంటాయిగా. తప్పు ఎలా జరుగుతుంది?”

“అది మానేశానండీ. ఇప్పుడు ఉత్త కట్టె విల్లే.”

“ఎందుకు మానేశావు?”

కర్ట్ టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. “దానితో మరీ సులువైపోయింది. ఎక్కడో దూరాన నిలబడి మీట నొక్కినట్టే. కట్టె విల్లుతో బాగా దగ్గరికి పోవాలి. గాలి చూసుకోవాలి, ఆకు చప్పుడు కానివ్వకూడదు. జింకకూ ఒక అవకాశం ఇచ్చినట్టుంటుందని...”

“ఇచ్చావా మరి?”

కర్ట్ కంచె వైపు చూశాడు.

“ఎంత దూరం నుంచి కొట్టావు?” ఆవిడే మళ్లీ అడిగింది.

“పది అడుగులు కూడా ఉండదు.” ఇంత సిగ్గులోనూ ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. “అంత దగ్గరికి నేనెప్పుడూ పోలేదండీ. ఆడ జింక. తలెత్తి సూటిగా నన్నే చూసింది. అయినా బెదరలేదు. చెట్టనుకుందేమో మరి. నారి వదిలే క్షణంలో నావైపే ఒక అడుగు వేసింది. అందుకే గురి చెదిరింది.”

ఆర్డిస్ లేచి నిలబడింది.

“నీవైపు అడుగు వేసిందా?”

“అవునండీ.”

“పద,” అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని కర్ట్ అనుకోలేదు. కంచె దగ్గర్నుంచి మొదలుపెడదామన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. రబ్బరు బూట్లు టపటపలాడిస్తూ కొట్టం వెనక్కి తిరిగింది. ఆ వయసులో అంత వేగమేమిటో అతనికి అర్థం కాలేదు. ఆపిల్ చెట్ల కింద, ఎండుగడ్డి మీద రక్తం చుక్కలు కనిపించాయి. కర్ట్ వంగి ఒక్కొక్కటే చూస్తూ నడిచాడు. ఆవిడ మాత్రం నేల వైపు చూడనేలేదు.

“ఆర్డిస్ గారూ, నెమ్మదిగా. బతికుంటే మనల్ని చూసి మళ్లీ పరుగు తీస్తుంది.”

“తీయదు.”

చుక్కలు బట్టలారేసే తీగ కిందుగా పోయి, ఇంటి పెరటి వైపు మళ్లాయి. కర్ట్ తలెత్తాడు. వంటింటి తలుపు ముందు, చెక్క మెట్ల మీద జింక పడి ఉంది. ముక్కు తలుపుకు ఆనించి ఉంది. దేవదారు బాణం డొక్కలో సగం దాకా దిగి ఉంది. తలుపు అడుగున గిట్టతో గీరిన గుర్తులు తాజాగా కనిపిస్తున్నాయి.

ఊపిరి లేదు.

“క్షమించండి,” అన్నాడు కర్ట్. “దెబ్బ తిన్న జింక పొదల్లోకి పోతుంది, నీళ్ల దగ్గరికి పోతుంది. మనుషులుండే గుమ్మం దాకా రావడం నేనెక్కడా చూడలేదండీ.”

ఆర్డిస్ మెట్టు మీద కూర్చుని జింక తలను ఒళ్లోకి తీసుకుంది.

“మనిషి దగ్గరికొస్తే పాలసీసా తెచ్చాడనుకుంటుంది,” అంది. “చిన్నప్పటినుంచీ అదే అలవాటు చేశాను.”